పల్నాటి యింట సయాము చేప

నరసరావుపేట బజారున రంగుచేపలు అమ్ము దుకాణముల ముందు నిలిచి చూచువారికి, పెద్ద గాజుతొట్టెలలో గుంపులుగ తిరుగు బంగారుచేపల ప్రక్కనే, చిన్న ప్లాస్టిక్ గ్లాసులు మూతలతో వరుసగ పేర్చియుండుటయు, ఒక్కొక్క గ్లాసులో ఒక్కొక్క చేప నాలుగు వ్రేళ్ల లోతు నీటిలో తోక ముడుచుకొని కదలక మెదలక నిలిచియుండుటయు కానవచ్చును. దుకాణదారు దానిని ‘ఫైటరు’ అనును. కళాశాలలో చదువు కుర్రవాడు ‘బెట్టా’ అనును. ఇంతకంటె సులభముగ పెంచదగిన ప్రాణి లేదనియు, గాలిమోటారు అక్కరలేదనియు, గ్లాసెడు నీరును దినమునకు నాలుగు గింజలును చాలుననియు చెప్పి దుకాణదారు దానిని కవరులో కట్టి యిచ్చును. రొంపిచెర్ల బస్సెక్కిన విద్యార్థి ఆ కవరును ఒడిలో నుంచుకొని ఇల్లు చేరి, తల్లి నడిగి ఒక ఖాళీ హార్లిక్స్ సీసా సంపాదించి, అందులో చేపను విడిచి, కిటికీలో పెట్టును. దుకాణదారు చెప్పినది అసత్యమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఆ చేప గ్లాసెడు నీటిలో వెంటనే చావదు. ఆ చావకపోవుటనే మనము అది సుఖముగ నున్నదనుటకు సాక్ష్యముగ గ్రహించుచున్నాము. దాని బాధలకెల్ల మూలమిదియే.

బెట్టా పుట్టినిల్లు సయాము దేశము, అనగా నేటి థాయిలాండు. అచ్చటి చావ్ ఫ్రయా నదీ మైదానమందలి వరిమళ్లు, గడ్డి మునిగిన పల్లపు నేలలు, పారుదల లేని పిల్లకాలువల అంచులు దీని స్వస్థానములు. ఆ దేశీయులు దీనిని ‘ప్లా కట్’ అందురు. తూర్పిండియా కంపెనీ కొలువులో వైద్యుడుగ నుండిన డెన్మార్కు దేశీయుడు థియొడోర్ కాంటర్, సయాము రాజు కానుకగ నొసగిన కొన్ని చేపలను ఒక మిత్రుని ద్వారా 1840లో పొంది, 1849లో వానిని గూర్చి వ్రాసెను. ఆయన పెట్టిన పేరులో పొరపాటున్నదని గుర్తించి, 1910లో టేట్ రీగన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ‘బెట్టా స్ప్లెండెన్స్’ అను నేటి నామమును స్థిరపరచెను. 2019లో థాయి ప్రభుత్వము దీనిని తమ జాతీయ జలచరముగ ప్రకటించినది. అయితే ఆ గౌరవమునకు పూర్వము బహుకాలము ఇది పందెపు చేప. ఒక కోడిపందెము రెండు రాజకుటుంబముల తలవ్రాతను మార్చిన కథను శివంగిడేగ, చిట్టిమల్లు అను పుంజుల పేర్లతో సహా నేటికిని చెప్పుకొను పల్నాటివారికి, చేపలపై డబ్బొడ్డిన సయాము రైతుల మనస్సును ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. 2022లో వెలువడిన జన్యుపరిశోధన యొకటి, ఈ చేపను మానవుడు మచ్చికచేయ నారంభించి వేయేండ్లయినను గడచియుండునని తేల్చినది. అనగా 12వ శతాబ్దమున కారెంపూడి రణక్షేత్రమున పల్నాటి వీరులు నేలకొరగు నాటికే, సముద్రమున కావల ఎవరో పల్లెవాసులు కయ్యమాడు చేపలను ఏరి ఏరి మట్టికుండలలో పెంచుచుండి యుందురు. నేడు మనము చూచు రంగులు, కుచ్చిళ్లవంటి పొడవాటి రెక్కలు పిమ్మట పెంపకందార్లు కల్పించినవే. పొలములందలి సహజమైన బెట్టా పొట్టిరెక్కలతో, గోధుమ పచ్చలు కలిసిన సాధారణ వర్ణముతో, కోపము వచ్చినప్పుడు మాత్రము కాంతులీను చిన్న చేప.

ఈ చేప గ్లాసులో ఎట్లు బ్రదుకగలుగుచున్నదో తెలిసికొనుట అవసరము. చేపలన్నియు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో గ్రహించును. బెట్టాకు మొప్పలతోపాటు, వాని మీది భాగమున తలలోపల, సన్నని రక్తనాళములతో నిండి మడతలు మడతలుగ నుండు మరియొక శ్వాసావయవము కలదు. శాస్త్రజ్ఞులు దానిని లాబిరింత్ అందురు. చేప మాటిమాటికి నీటి పైకివచ్చి, నోటితో గ్రుక్కెడు గాలి పుచ్చుకొని, ఆ మడతలలో నిలుపుకొని, అందలి ప్రాణవాయువును రక్తమునకు చేర్చుకొనును. ఈ గాలి దానికి ఐచ్ఛికము గాక ఆవశ్యకము. నీటిపై పొరవేసి పైకి రానీయకున్నచో, ప్రాణవాయువు సమృద్ధిగ నున్న నీటిలోనే అది ఊపిరాడక మరణించును. మన కొరమీనును ఎరిగినవారికి ఇది వింతగ తోచదు. సంతలో తట్టలో పడియున్నను గంటలకొలది కొరమీను ప్రాణముతో నుండుట అందరును చూచినదే. తెలంగాణము తన రాష్ట్రమత్స్యముగ ఎన్నుకొన్న ఆ కొరమీనును, ఈ బెట్టాయు మత్స్యశాస్త్రమున ఒకే క్రమమునకు చెందిన దాయాదులు. ఎండలు ముదిరి మడి ఎండిపోవుచుండగా, మిగిలిన బురదగుంటలో వానకాలము వచ్చువరకు ప్రాణము నిలుపుకొనుటకై ఈ జాతులకు లభించిన ఉపాయమిది. ఆపద్ధర్మముగ ప్రకృతి ఒసగిన దానిని మనము నిత్యవిధిగ చేసి, సంవత్సరము పొడవునను ఆ చేపను కరవుగుంటలో నుంచుచున్నాము. వానకాలమున దాని మడి ఎంత విశాలమో మనకు స్ఫురింపదు.

కావున మొదట సమకూర్చవలసినది పాత్ర. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు గల గాజుతొట్టెలో అరయడుగు నీరు నిలిపినచో ఇంచుమించు 20 లీటర్లగును. ఒక్క చేపకు అది నిండైన ఇల్లు. పది లీటర్లకు తగ్గిన పాత్రను నేనెవరికిని చెప్పను. లోతుకంటె వెడల్పు ముఖ్యము, ఏలయన ఊపిరికై పైకి వచ్చుచు పోవుచుండు ప్రాణికి, అందును బరువైన తోక నీడ్చుకొని తిరుగు పెంపుడు జాతికి, లోతైన నీరు నిచ్చెనయై కూర్చుండును. అంగళ్లలో ‘హాఫ్ మూన్’, ‘క్రౌన్ టెయిల్’ అని పిలుచు పొడుగురెక్కల రకములకే గిరాకి యెక్కువ. చూపునకవి మనోహరములే గాని, ఆ రెక్కలు చినుగుటయు, వాని బరువున చేప అలసిపోవుటయు తరచుగ జరుగును. క్రొత్తగ పెంచువారు పొట్టిరెక్కల ‘ప్లాకట్’ రకమును తెచ్చుకొనుట మేలని నా యభిప్రాయము. తొట్టెకు మూత తప్పనిసరి; ఇది మంచి దూకుడుగల చేప, మూతలేని తొట్టెలోనిది తెల్లవారునప్పటికి గచ్చుపై ఎండి కనబడుట అరుదు కాదు. మూతకును నీటికిని నడుమ రెండు మూడంగుళముల గాలి నిలువవలెను. ఆ గాలి వెచ్చగ, తేమగ నుండుట దాని ఊపిరికి హితము.

పాత్ర పెద్దదిగ నుండవలెననుటకు మరియొక కారణము కలదు. అది కంటికి కనబడదు గనుకనే చాలమంది ఇండ్లలో చేపలు ‘ఏ రోగమును లేకుండ’ చచ్చుచున్నవి. చేప తిన్నదానిలో కొంత కొంతసేపటికి నీటిలో అమోనియాగ చేరును. చాలవరకది మొప్పలనుండియే వెలువడును. తినక విడిచిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. అమోనియా చేపకు విషము, మొప్పలను కాల్చివేయును. ప్రకృతిలో దీనిని హరించుటకు రెండు తెగల సూక్ష్మజీవులు గలవు. ఒకతెగ అమోనియాను నైట్రైటుగను, రెండవ తెగ ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటు సహితము విషమే గాని, నైట్రేటు కొద్దిపాళ్లలో అపాయకరము కాదు, మొక్కలకది ఆహారము. మిరపతోటకు యూరియా చల్లిన రైతునకు ఈ ప్రక్రియ పేరు తెలియకున్నను ఫలితము తెలియును. యూరియా మట్టిలో అమోనియాగ, పిదప నైట్రేటుగ మారి పైరునకందుట ఈ జాతి సూక్ష్మజీవుల చలువయే. అయితే క్రొత్త తొట్టెలో ఆ జీవులుండవు. గులకరాళ్లకు, గాజునకు, ఫిల్టరులోని స్పాంజికి అంటుకొని అవి తగినంత వృద్ధిచెందుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. చేపను తెచ్చుటకు ముందే తొట్టెలో నీరు నింపి, ఫిల్టరు నడిపించి, చిటికెడు మేతను దినము విడిచి దినము వేయుచు ఆ కాలమును గడపుట శాస్త్రసమ్మతమైన పద్ధతి. పరిచయమున్న వారింట ఆరోగ్యముగ నడచుచున్న తొట్టె యున్నచో, అందలి పాత స్పాంజి ముక్కను తెచ్చి క్రొత్త ఫిల్టరులో నుంచుట, గోరువెచ్చని పాలలో తోడు వేసినట్లు పనిచేయును.

ఆదివారము వచ్చినదే తడవుగ తొట్టెలోని నీరంతయు కుమ్మరించి, గులకరాళ్లను సబ్బుతో తోమి, క్రొత్తనీరు నింపి, శుభ్రత పాటించితిమని తృప్తిపడు గృహస్థులు తాము చేసినది ఆ సూక్ష్మజీవుల నిర్మూలనమని యెరుగరు. చేప మరల మొదటికి వచ్చి అమోనియా పాలగును. వారమునకొకమారు నాలుగవ వంతు నీటిని, అనగా 20 లీటర్ల తొట్టెలో 5 లీటర్లను, అడుగున పేరుకొన్న మడ్డితోసహ సన్నని గొట్టముతో పైకితీసి, అంతే నీటిని మెల్లగ పోయుట చాలును. ఫిల్టరు స్పాంజి మురికిపట్టినచో, తీసివేసిన ఆ నీటిలోనే రెండుమార్లు పిండి మరల పెట్టవలెను. పంపు క్రింద కడుగరాదు. ఫిల్టరు స్పాంజిరకముగ, మందగమనముగ నుండవలెను. మళ్ల నిలువనీటిలో పుట్టినదానికి ఉరవడి గల ప్రవాహము గిట్టదు.

ఇక నీటి మాట. పల్నాడు సున్నపురాతి నేల. సిమెంటు కర్మాగారములు ఇచ్చట వెలయుటకు కారణమైన ఆ రాయియే మన బోరునీటిని గట్టిదనము గలదిగ చేయుచున్నది. నూనెసబ్బు నురుగు రాకపోవుట, గిన్నెల అడుగున తెల్లని పొర కట్టుట ఎరుగని ఇల్లాలు ఈ ప్రాంతమున లేదు. బెట్టా సహజముగ మెత్తని నీటి చేపయైనను తరతరముల పెంపకమున కొంత గట్టినీటికి అలవాటుపడినది. నీరెట్టిదైనను మాటిమాటికి మారకుండుట దానికి ముఖ్యము. కాని గట్టినీటిలో సామాన్యముగ క్షారగుణము అధికము, క్షారగుణము పెరిగినకొలది అమోనియా విషతీవ్రత పెచ్చుపెరుగును. ఆమ్లక్షార మానమున ఒక్క అంకె పెరిగినచో విషరూపముననుండు అమోనియా పాలు దాదాపు పదిరెట్లగును. మెత్తనినీటి ప్రాంతమున చెల్లిపోవు అశ్రద్ధ పల్నాట చెల్లకపోవుటకు హేతువిదియే. ఊరనున్న ఆర్వో ప్లాంటునుండి వచ్చు క్యాను నీటిని బోరునీటితో సగపాలు కలిపి వాడుట మంచి మార్గము. క్యాను నీటినే పూర్తిగ వాడరాదు. అందు లవణములు బొత్తిగ తరిగిపోయియుండుటచే నీటి గుణము నిలుకడగ నుండదు. 1967లో సాగరు కాలువలకు నీరు వదలిన నాటినుండి కుడికాలువ ఆయకట్టు పల్లెలకు కాలువనీరే ప్రధానాధారమైనది. చెరువులలో నిలువజేసి, బ్లీచింగు పౌడరు కలిపి, కొళాయిలలో విడుచు ఆ నీరు బోరునీటికంటె మెత్తనిది గనుక చేపకు హితమే గాని, అందలి క్లోరిను మొప్పలకు శత్రువు. వెడల్పాటి బకెట్టులో పట్టి ఒక పగలు ఒక రాత్రి మూతవేయక ఉంచినచో క్లోరిను ఎగిరిపోవును. తొందరయున్నవారికి సోడియం థయోసల్ఫేటు చుక్కలు రంగుచేపల దుకాణములలో దొరకును. అప్పుడే తోడిన బోరునీటిని సైతము ఒక రాత్రి నిలువనిచ్చి వాడుట క్షేమము.

బెట్టాకు నీటి ఉష్ణోగ్రత 24 మొదలు 28 డిగ్రీల నడుమ ఉండవలెను. పాశ్చాత్యదేశముల పుస్తకములు తెరచినచో హీటరు కొనుమను ఉపదేశము మొదటిపుటలోనే కనబడును. కాని రాష్ట్రమంతటను ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన జిల్లాలోనిదే గదా. వైశాఖ జ్యేష్ఠములలో 45 డిగ్రీల వడగాడ్పు వీచుచుండగా, కిటికీలోని హార్లిక్స్ సీసా హీటరు లేకయే కాగునీటి పాత్రయగును. నీరు 32 డిగ్రీలు దాటినచో చేప డస్సిపోవును. వేడినీటిలో ప్రాణవాయువు తరుగును, మేత త్వరగ క్రుళ్లును, అమోనియా విషము ఇంకను తీవ్రమగును. చిన్నపాత్ర గంటలో వేడెక్కును, పెద్ద తొట్టె మెల్లమెల్లగ వేడెక్కును. ఇరువది లీటర్ల నీరు కోరుటకు ఇదియునొక హేతువు. వేసవిలో తొట్టెను పడమటి గోడకు, రేకుల కప్పునకు దూరముగ, మిద్దెయింటి లోపలిగదిలో పెట్టవలెను. ఘనమైన మూతకు బదులు సన్నని వల కప్పి, నీటిపై ఫ్యానుగాలి తగులునట్లు చేసినచో, ఆవిరియగుటవలన నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడును. ఆవిరియైన మేరకు క్యాను నీటితో భర్తీచేయవలెను, ఏలయన ఆవిరి పోవునప్పుడు లవణము లోపలనే మిగులును. మరీ ముదిరిన ఎండలో, గడ్డకట్టిన నీటిసీసా నొకదానిని తొట్టెలో కొంచెముసేపు తేలవిడువవచ్చును గాని, ఐసుముక్కలు నేరుగ వేయుట తగదు. క్షణములో కలుగు మార్పు వేడికంటె ప్రమాదకరము. ధనుర్మాసపు రాత్రులలో మాత్రము ఇచ్చటను నీరు 20 డిగ్రీలకు దిగజారుట కలదు. అప్పుడు చేప అడుగున చేరి మేత ముట్టదు. 25 లేక 50 వాట్ల చిన్న హీటరు, చవుక వస్తువని చులకన చేయక ఒక ఉష్ణమాపకము, ఆ చలిదినములకు ఆవశ్యకములు.

తొట్టె అడుగున సన్నని గులకరాయి పరచి, మందమైన ఆకులుగల అనూబియాస్, జావా ఫెర్న్ వంటి మొక్కలను రాతికి కట్టి ఉంచినచో అవి తక్కువ వెలుగులోను పెరుగును. కాలువనుండి అంతరతామర తెచ్చి పైన తేలవిడుచువారు, పొలముల మందునీరు దిగు చోటినుండి తేక, తెచ్చినదానిని కొన్నిదినములు వేరుగ నీటిలో ఉంచి వాడుట మంచిది. అందముకొరకు మన గుట్టలనుండి రాళ్లు ఏరితెచ్చు అలవాటొకటి కలదు. ఆ రాతిపై నిమ్మరసము పిండి చూడుడు. బుసబుస నురుగు లేచినచో అది సున్నపురాయి, తొట్టెలో వేసినచో మొదలే గట్టియైన నీటిని మరింత గట్టిపరచును. అంగళ్లలో అమ్ము పదునైన ప్లాస్టిక్ మొక్కలు రెక్కలను చీల్చును. వీనియన్నిటికంటె మేలైన అలంకారము మన బడుల ఆవరణలలోను, కచేరీల ముంగిళ్లలోను ఉచితముగ రాలుచుండును. అది బాదము ఆకు. పండి, ఎండి, తనంత రాలిన ఆకును కడిగి ఒకటి తొట్టెలో వేసినచో, నాలుగైదు దినములలో నీరు పలుచని తేనీటిరంగు తిరుగును. ఆకులోని టానినులు బూజును కొంత అరికట్టును, చేపను శాంతపరచును. సయాము పెంపకందార్లు తరతరములుగ వాడు దినుసిది. దీనినే సంచులలో ప్యాకుచేసి విదేశములలో వెలకమ్ముచున్నారు. నీరు మురికిపట్టినదని భ్రమించి పారబోయకుండిన చాలును.

బెట్టా మాంసాహారి. మడిలో దోమపిల్లలు, నీటిపురుగులు దాని భోజనము. మరమరాలు, బూందీ, అన్నపు మెతుకులు దానికి పెట్టుట, ప్రేమతోనే చేసినను, అపచారము. బెట్టాకై తయారుచేసిన చిన్నగింజల మేతను పూటకు మూడు నాలుగు గింజల చొప్పున ఉదయము, సాయంకాలము వేసిన చాలును. దాని కడుపు దాని కంటికంటె పెద్దది కాదు. ఎంత పెట్టిన అంత తినును గనుక ఆకలియున్నదని భ్రమపడరాదు. అతిభోజనమున పొట్ట ఉబ్బి, ప్రక్కకొరగి, ఈదలేని స్థితి సంభవించును. వారమున కొక దినము పస్తుంచుట మేలు. శనివారము ఒంటిపూట పాటించు పెద్దలున్న ఇంట ఈ నియమము గుర్తుంచుకొనుట కష్టము కాదు. వారమునకు ఒకటి రెండుమార్లు సజీవాహారము పెట్టగోరువారు మంచినీటి బకెట్టులో పుట్టిన దోమపిల్లలను వడగట్టి ఐదారు వేయవచ్చును. మురుగుకాలువ సంపద వలదు. అయితే ఆ బకెట్టుపై వల కప్పుట మరువరాదు, నాలుగుదినములు ఏమరినచో చేపకు మేతయగుటకు బదులు అవి రెక్కలు వచ్చి ఇంటివారికి డెంగీ తెచ్చిపెట్టును.

దోమల ప్రసక్తి వచ్చినది గనుక మరియొక హెచ్చరిక. దోమలచుట్టలు, గోడకు గ్రుచ్చు ద్రవపు మందులు, కొట్టు స్ప్రేలు చాలవరకు పైరెత్రాయిడ్ జాతి రసాయనములు. మనుష్యులకంతగ హానిచేయని మోతాదులో అవి చేపలకు ప్రాణాంతకములు. పైగాలి పీల్చు చేపయున్న గదిలో వానిని వెలిగించుట ఎంతమాత్రము కూడదు. మిరపకు, ప్రత్తికి మందుకొట్టి వచ్చిన చేతితో తొట్టెలో చేయిపెట్టుటయు నట్టిదే. సేద్యగాళ్ల ఇండ్లే ఎక్కువగ నున్న రొంపిచెర్లవంటి ఊళ్లలో చేపలు హఠాత్తుగ చచ్చినప్పుడు మొదట విచారింపవలసినది దీనినే.

రోగములలో ఎక్కువభాగము చెడ్డనీటి సంతానము. రెక్కల అంచులు నల్లబడి చివికిపోవుట, రెక్కలు ముడిచి మూలనుండుట కనబడినచో మందుకొరకు పరుగెత్తుటకు ముందు నీటిని పావువంతు చొప్పున దినమునకొకమారు మార్చి చూడవలెను. పెక్కుమార్లు అదియే చికిత్స. మేనిపై తెల్లని సూక్ష్మబిందువులు లేచినచో అది పరాన్నజీవి వలన వచ్చు తెల్లమచ్చల వ్యాధి. నీటిని మెల్లగ 29, 30 డిగ్రీలకు తెచ్చి, దుకాణములలో దొరకు తగిన మందు వాడిన నయమగును. లీటరునకు ఒక గ్రాము చొప్పున శుభ్రమైన కల్లుప్పును వేరుపాత్రలో కరగించి పోయుట కొన్నిదినములవరకు మేలుచేయును. పొలుసులు నిక్కబొడిచి పొట్ట ఉబ్బినచో అది లోపలి అవయవములు చెడిన చిహ్నము, దానికి చికిత్స ఫలించుట అరుదు. మనుష్యుల టెట్రాసైక్లిను గొట్టమును విప్పి తొట్టెలో చల్లు వైద్యము మన ప్రాంతమున బాగుగ వ్యాపించినది. అది రోగమును కుదుర్చుటకంటె మునుపు చెప్పిన మిత్రజీవులను చంపుటలో సమర్థమైనది. మంచి సంరక్షణలో బెట్టా ఆయుర్దాయము రెండు మొదలు నాలుగేండ్లు. కొనునప్పటికే దానికి ఆరుమాసములు నిండియుండుట సామాన్యము.

దీని పౌరుషమును గూర్చి చెప్పవలసినది కొంత మిగిలియున్నది. ఒక తొట్టెలో రెండు మగచేపలు ఇమడవు. ఆడుదానిని సైతము ఎల్లప్పుడును కలిపియుంచుట ప్రమాదము. స్వస్థానమైన మడిలో రెండు మగచేపలు తారసిల్లినచో, మొప్పలకప్పులు విప్పి, రెక్కలు విరిచి, కొంతసేపు బెదిరించుకొని, ఓడినది గడ్డిలోనికి తప్పుకొనును. కలహము నిముషములలో ముగియును. తప్పుకొనుటకు చోటులేని గాజుపాత్రలో, అందును కయ్యమునకే ఏరి పెంచిన వంశములో, అది గంటల తరబడి సాగి ఒక దాని ప్రాణముతో ముగియును. ఇట్లు వేడుకకై పోరు పెట్టువారు, చేపయే గదా యని తలపోయుచుండవచ్చును. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము మానవుడు గాక ప్రాణముగల ప్రతిదానిని జంతువుగనే గణించి, వినోదమునకై జంతువులను పురికొల్పి పోరాడించుటను నేరముగ విధించినది. పుంజునకు వర్తించునదే చేపకును వర్తించును. అద్దము చూపి దాని ఆగ్రహమును చూచి చప్పట్లు కొట్టు పిల్లలను కసరవలసిన పనిలేదు గాని, ఒకటి రెండు నిముషములతో అద్దమును తీసివేయవలెను. తన ప్రతిబింబమును పగవాడుగ నెంచి దినమంతయు పోరాడు చేప తిండిమాని కృశించును. గాజుతొట్టె గోడలోనే నీడ కనబడుచున్నచో వెలుగు స్థానము మార్చవలెను.

ఇంత కోపిష్ఠి చేపయు తండ్రియైనప్పుడు చూడదగినది. ఈడు వచ్చిన మగది నీటిపై నోటితో గాలిబుడగలు విడుచుచు, జిగురుతో వానిని కూర్చి, ఆకు క్రింద తెల్లని నురుగుగూడు కట్టును. తొట్టెలో ఆ గూడు చూచి, అయ్యో నీరు చెడినదని గరిటెతో తీసివేయువారున్నారు. అది ఈడునకు గుర్తు, అంతే. సుఖమునకు గుర్తని గట్టిగ చెప్పలేము, ఏలయన గ్లాసులో మ్రగ్గు చేపలును గూడు కట్టును. జతకూడిన పిదప గ్రుడ్లు నీటిలో మెల్లగ దిగజారుచుండగా, మగది ఒక్కొక్కదానిని నోట కరచుకొని గూటిలో అతికించును. పొదుగుటకు పట్టు ఒకటి రెండు దినములు, పిల్లలు స్వయముగ ఈద నేర్చు మరి రెండు మూడు దినములు, తిండి తిప్పలు లేక కావలికాయును. జారిపడిన పిల్లను మరల నోటబట్టి గూటిలో చేర్చును. ఆ సమయమున తల్లిని వేరుచేయకున్నచో తరిమి చంపును. ఇది చూడముచ్చటయైన ఘట్టమే యైనను, క్రొత్తవారు ఈ ప్రయత్నమునకు దిగవలదని చెప్పుదును. ఒక్క కాన్పున వందలకొలది గ్రుడ్లు. బ్రదికిన పిల్లలలో మగవానికన్నిటికి రెండుమూడు నెలలలో విడివిడిగ పాత్రలు కావలెను. చెన్నపట్టణమునందలి కొళత్తూరు ప్రాంతమున వందలాది కుటుంబములకు రంగుచేపల పెంపకమే వృత్తి, వారికి ఆ కుండలు, ఆ ఓపిక, ఆ మార్కెటు గలవు. పల్లెటింట వరండాలో అన్ని సీసాలు పేర్చినచో మరల అవి గ్లాసులోని చేపలే యగును.

సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు పోవునప్పుడు చేపను గూర్చి బెంగపడవలసిన పనిలేదు. ఆరోగ్యమైన పెద్దచేప నాలుగైదు దినములు మేత లేకయే నిబ్బరముగ నుండును. బయలుదేరు ముందటిదినము నీరు కొంత మార్చి, దీపమార్పి పోవుట ఉత్తమము. ప్రక్కింటి అబ్బాయికి మేతడబ్బా అప్పగించినచో, చేపపై జాలిచే మూతతో ఒంపి పోయును, తిరిగివచ్చునప్పటికి నీరు తెల్లబడి యుండును. ఇక శాశ్వతముగ పెంచలేని పరిస్థితి వచ్చినవారు, ‘పుణ్యము’ అని తలచి దానిని కుడికాలువలోనో ఊరి చెరువులోనో విడువరాదు. ఆస్ట్రేలియా ఉత్తరభాగమున అడిలైడ్ నదిలో ఇట్లు పెంపకమునుండి వెలువడిన బెట్టాలు స్థిరపడి సంతానము వృద్ధిచేసికొనినవి. దోమల నిర్మూలనకని 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూసియా చేప, స్థానిక చిరుచేపల పాలిటి శత్రువైనదని నేడు మత్స్యశాస్త్రజ్ఞులు వాపోవుచున్నారు. మన చెరువులలో బెట్టాను విడిచినచో రెండే జరుగవచ్చును: పెంపుడురెక్కల బరువుతో పారిపోలేక మొదటిదినముననే కొరమీను నోటబడును, లేదా బ్రదికి మన చిరుచేపల మేతలో పాలుపంచుకొనును. చేపలయందు ఆసక్తిగల బడిపిల్లవాని కెవనికైనను తొట్టెతోసహా దానిని అప్పగించి, ఫిల్టరు స్పాంజిని పంపునీటిలో కడుగవలదని మరిమరి చెప్పి పంపవలెను.